దీపస్తంభానికి ఒక మెట్టు తక్కువ

ఈ ప్రయాణంలో మేము పోగొట్టుకున్నవి ముందే రాసేస్తాను. నల్ల గొడుగు ఒకటి, బద్వేలు బస్టాండులో. నా ఎడమకాలి చెప్పు, సముద్రంలో. చదువుకునే కళ్లద్దాలు, ఎక్కడో తెలియదు. రాగి సంగటి ముద్దలు రెండు, గండిలో కోతుల పాలు. మా మామ తలగుడ్డ, గాలి పాలు. నీళ్ల సీసా మూత ఒకటి. ముద్దలను విడివిడిగా లెక్కేస్తే అన్నీ కలిపి ఏడు. ఐదు రోజుల ప్రయాణానికి, ఇద్దరు మనుషులకు, ఇది పెద్ద నష్టం కాదు.

మా మామ యాభై తొమ్మిదేళ్ల కిందట పోగొట్టుకున్నదాన్ని ఇందులో కలపలేదు. దాన్ని వెతుక్కుంటూనే మేము బయల్దేరాం.

నేను ప్రొద్దుటూరులో ఒక బండల మండీలో కొలతల లెక్క చూస్తాను. ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది. చదరపు అడుగులు, వాలు కోతలు, గుండ్రటి గదికి ఎన్ని బండలు పడతాయి, ఇవన్నీ నాకు నేర్పింది మా అమ్మ అన్న ఓబులేసు మామ. ఆయన చెప్పిన మొదటి పాఠం, లెక్కపెట్టేటప్పుడు 'ఒకటి' అనకూడదని. చాలా చోట్ల వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను 'లాభం' అంటారు కదా, మా వైపు బండలు దించేటప్పుడు కూడా అంతే. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా సాగుతుంది. ఇప్పటికీ నా పుస్తకంలో మొదటి వరుసకు ఒకటి వేయను, 'లా' అని రాస్తాను.

కిందటి చలికాలంలో మా మండీ నుంచి నెల్లూరు వైపు బండలు తీసుకుపోయిన లారీ డ్రైవరు ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పాత దీపస్తంభం ఉందట. లోపలి మెట్లన్నీ మన నాపరాయేనట. అలలు దగ్గరికి వచ్చేశాయి కాబట్టి దాన్ని పడగొట్టేస్తారని అనుకుంటున్నారట. నేను ఫోనులో మామకు చెప్పాను. ఆయన ఆ ఊరి పేరు రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత, "ఎప్పుడు పోదాం?" అన్నాడు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మమ్మల్ని లోపలికి పంపిన మనిషికి మాట రాకూడదు.

జమ్మలమడుగు

మొదటిరోజు నేను ఒక్కడినే జమ్మలమడుగు పోయాను, ఖాసిం సాబును చూడటానికి. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు క్వారీలో ఉలి పని. మామ సంగతి మొదటినుంచి తెలిసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే.

"ఏందప్పా, ఒకటి తక్కువ ఎట్టుండాడు?" అన్నాడు నన్ను చూడగానే. మా మామకు ఆ ఊళ్లో అదే పేరు.

"బాగుండాడు సాబూ. ఆ లైట్ హౌస్ చూడను పోతాండాం."

"చూసి ఏం జేస్తారు?"

"మెట్లు లెక్కపెడతాం."

ఆయన నవ్వలేదు. ఇంట్లోకి పోయి, నీళ్ల కాగు మీది మూత తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. అది చెక్క. ఒక వైపు జానెడున్నర వెడల్పు, రెండో వైపు నాలుగు వేళ్లు. గుండ్రటి మెట్లకు అప్పట్లో వాళ్లు తయారు చేసుకున్న అచ్చు అది. "దీన్ని బెట్టి చూసుకోండి. మన రాయైతే సరిపోతాది," అన్నాడు.

లోపలి నుంచి కోడలు, "మామా, కాగుకు నేనేం మూత బెట్టాల? నీ టోపీ బెట్టల్లా?" అని అరిచింది.

యాభై తొమ్మిదేళ్ల కిందట జరిగింది ఇది. దీపస్తంభం లోపల తిరిగి తిరిగి పైకి పోయే మెట్లకు తొంభై ఆరు బండలు కావాలని అడిగారు. ఖాసిం సాబూ ఇంకో నలుగురూ చెక్కారు. మామకు అప్పుడు ఇరవై రెండేళ్లు, క్వారీలో లెక్క ఆయనది. ప్రతి బండ ముందరంచు మీద ఉలితో గుర్తు వేశాడు. మొదటిదానికి 'లా', ఆ తర్వాత 2 నుంచి 96 దాకా. లారీకి ఎక్కించేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టాడు. పదిహేను రోజులకు అవతలి నుంచి కాగితం వచ్చింది: అందినవి తొంభై ఐదు.

మామ తొంభై ఆరు అన్నాడు. యజమాని కాగితం చూపించాడు. కాగితం మీద ముద్ర ఉంది, మామ నోటికి ముద్ర లేదు. మామ నాలుగు రోజులు తానే కూర్చుని ఇంకో బండ చెక్కాడు. ఏది పోయిందో తెలియదు కాబట్టి, మొదటిదే దారిలో ఎక్కడో పోయుంటుందనుకుని, దాని మీద మళ్లీ 'లా' అని వేసి, అటు పోయే లారీలో పంపాడు. దాంతో యజమానికి వ్యవహారం తీరిపోయింది. లెక్క చెప్పే పని మాత్రం ఇంకొకరికి పోయింది. మామ ఆ నెలలోనే పులివెందుల దగ్గర అత్తగారి పల్లెకు పోయి మేకల్లో పడ్డాడు.

పులివెందుల

మామకు ముప్పైకి పైగా మేకలున్నాయి. ఎన్ని అని ఆయన్ను అడగకూడదు. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు అందరూ లెక్కపెడతారు, ఆయన పెట్టడు. ఒక్కోదాని మొహం చూస్తాడు. రానిది ఏదో మొహాన్ని బట్టి చెబుతాడు. నాకు లెక్కలు నేర్పినప్పుడు కూడా పలకమీద రాసి చూపించేవాడే గానీ అంకెలు పైకి అనేవాడు కాదు. చిన్నప్పుడు నాకు అది ఆయన గొంతు సమస్య అనిపించేది.

అత్త నాలుగు రాగి ముద్దలు, ఊరిబిండి పచ్చడి, శనక్కాయలు మూటగట్టింది. "సముద్రం కాడ జాగర్త. ఈ మనిసికి ఈత రాదు," అంది నాతో.

"ఈదను పోతాండామా? మెట్లెక్కను పోతాండాం," అన్నాడు మామ.

"నీ మోకాళ్లకు ఇంటి గడపే ఎక్కువ."

గండి

పాపఘ్ని ఒడ్డున ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని పోదామని దిగాం. ఆ రోజు శనివారం, జనం బాగా ఉన్నారు. నేను మొక్కుకోమన్నాను. మామ ఒప్పుకోలేదు.

"లెక్కలు దేవునికి అప్పజెప్పగూడదురా అల్లుడా. ఆయనకు ఒకటైనా నూరైనా ఒకటే."

మేము ఈ మాట మీద ఉండగానే ఒక కోతి మూట లాగింది. రెండు ముద్దలు పోయాయి. ఊరిబిండి మాత్రం వాసన చూసి వదిలేసింది. "కారం మనదని తెలుసు దానికి," అన్నాడు మామ.

నెల్లూరు దాటాక

మూడోరోజు నెల్లూరు దాటాం. అక్కడ భోజనం చేపల పులుసుతో నూట ఇరవై. మామ చేపను విస్తరి అంచుకు జరిపి అన్నంలో పులుసు మాత్రం కలుపుకున్నాడు. పులుసు బాగుందన్నాడు. "ఆ చేప దేనికి, ముండ్లు లెక్కబెట్టుకోనికా?" అని కూడా అన్నాడు. అక్కడివాళ్లు మాట చివర సాగదీస్తారు, మనవాళ్లు కొట్టినట్టు అంటారు. ఆటో ఎక్కేటప్పుడు మామ దారి అడిగితే డ్రైవరు నా వైపు తిరిగి, "పెద్దాయనకు కోపమెందుకు సామీ?" అన్నాడు.

"కోపం కాదు, దారి అడుగుతున్నాడు."

"ఇంక కోపమొస్తే ఎట్టుంటాది?"

"అప్పుడు మాట్లాడడు," అన్నాను. అది నిజం.

సరుగుడు తోటలు దాటి ఇసుక దిబ్బ ఎక్కగానే సముద్రం కనిపించింది. ఎనభై ఒక్క ఏళ్లలో మామ సముద్రం చూడటం అదే మొదలు. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఏందిరా ఇది, ఇన్ని నీళ్లు! చేలోకి మడవ దిప్పేటోడు ఎవురూ ల్యాడా?"

నేను పాదాలు తడుపుకోవడానికి దిగాను. నా ఎడమ చెప్పు అప్పుడే పోయింది.

తొంభై ఐదు

దీపస్తంభాలు రెండున్నాయి. ఎర్ర చారల కొత్తది లోపలికి, ఊరి వైపు. పాతది ఒడ్డునే, సున్నం పెచ్చులూడి, మెడ దగ్గర చిన్న రావి మొక్క మొలిచి. దాని తాళం పోలయ్య దగ్గర ఉంది. ఆయన అక్కడే దీపం పనిలో చేరి, అక్కడే రిటైరై, పక్కనే చిన్న ఇంట్లో భార్య రమణమ్మతో ఉంటున్నాడు. మేము వచ్చిన పని చెబితే మామను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇంత దూరం మెట్లు లెక్కపెట్టేదానికి వచ్చినారా? మా ఊరోళ్లు పెళ్లి భోజనానికి కూడా ఇంత దూరం పోరు సామీ," అని తాళం తీశాడు.

లోపల చల్లగా ఉంది. తలుపు సందుల్లోంచి ఏళ్ల తరబడి కొట్టుకొచ్చిన ఇసుక నేలంతా మెత్తగా పరుచుకుని ఉంది. మెట్ల ముందరంచుల మీద సున్నం మీద సున్నం వేసి ఉంది, గుర్తు ఒక్కటీ కనపడదు. మామ గోటితో గీకబోతే పోలయ్య చేయి పట్టుకున్నాడు. "వద్దు సామీ, గవర్నమెంటు సున్నం."

మామ మోకాళ్లు ఎక్కనివ్వవు. ఇసుకలో నిలబడి, "నిదానంగా బో. పరాకు పడాకు," అన్నాడు. నేను ఎక్కాను. లాభం, రెండు, మూడు. రాయి మన రాయే. అరికాలికి తెలుస్తుంది. ముప్పై దాటాక కిటికీలోంచి గాలి కొట్టింది. అరవై దాటాక ఆయాసం. పైన ఖాళీ గది, దీపం ఉన్న చోట ఇనుప చట్రం, చుట్టూ సముద్రం. ఎక్కేటప్పుడు తొంభై ఐదు వచ్చింది. దిగేటప్పుడు చివర్నుంచి లెక్కపెట్టాను. తొంభై ఐదే.

కింద మామ తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. నేను అబద్ధం చెప్పొచ్చు. ఆయన ఎక్కి చూడలేడు. కానీ నాకు లెక్క నేర్పింది ఆయనే.

"తొంభై ఐదు, మామా."

ఆయన గుమ్మం దాటి బయటికి వచ్చాడు. అప్పుడే గాలికి తలగుడ్డ ఎగిరిపోయింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

"అయితే వాళ్లు రాసిందే నిజం," అన్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన అన్న మాట అదొక్కటే.

నూనె కుండ నుంచి

పోలయ్య మమ్మల్ని తన వసారాలోనే పడుకోమన్నాడు. మాటలు లేని మనిషిని చూసి ఆయనకు ఏమనిపించిందో, దీపస్తంభం చరిత్ర మొదలుపెట్టాడు. కాగితాల్లో ఏముందో నాకు తెలియదు, ఆయన చెప్పినట్టు రాస్తున్నాను.

మొదట స్తంభమే లేదు. ఒక ఓడ కొయ్య పాతి, ఆముదం కుండలో వత్తి వేసి తాడుతో పైకి లాగేవాళ్లు. గాలి ఎక్కువైతే ఆరిపోయేది. అప్పుడు చేపలకు పోయినవాళ్ల ఆడవాళ్లు ఒడ్డున సరుగుడాకు మంట వేసేవాళ్లు. తర్వాత ఇటుకతో ఈ స్తంభం లేచింది, సున్నంలో బెల్లం నీళ్లు కలిపి. లోపల చెక్క మెట్లు. పైన కిరసనాయిలు దీపం, దాని చుట్టూ తిరిగే పెద్ద అద్దం. అద్దాన్ని తిప్పేది గడియారంలో లాగా వేలాడే ఇనుప గుండు. అది కిందికి దిగేకొద్దీ మళ్లీ చుట్టాలి. పోలయ్య నాయన పని అదే.

"చుట్టేది ఆలస్యమైతే అద్దం నిలిచిపోద్ది. నిలిచిపోయిన దీపం చూసి పడవోళ్లు ఇది వేరే ఊరనుకుంటారు. దీపానికి తిరుగుడే పేరు సామీ."

రోజూ నూనె డబ్బాలు మోసి మోసి, ఒలికిన నూనె చెక్కలోకి ఇంకింది. ఒకరోజు నిప్పు పడి మెట్లు మొత్తం కాలాయి. నిచ్చెన కట్టుకుని నెలల తరబడి దీపం పెట్టారు. కాలని మెట్లు కావాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టనివి కావాలి. అందుకని మన రాయి అడిగారు. ఆ తర్వాత కరెంటు వచ్చింది, గుండు ఆగింది. కొత్త స్తంభం లేచింది, పాతదానికి తాళం పడింది.

"మా రాయి దించేటప్పుడు లెక్క రాసుకున్నది ఎవరు?" అని అడిగాను.

"ఆయనొక గుమాస్తా. ఎక్కడో ఉత్తరాది మనిషి. మా నాయన చెప్పి నవ్వేవోడు. ఆయనకు తెలుగంటే అంకెలే. ఒకటి నుంచి నూరు దాకా బాగా నేర్చుకున్నాడంట. నీళ్లు కావాలన్నా చేత్తో చూపిచ్చేవోడంట."

నేను అది కూడా పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు.

రమణమ్మ బండ

మర్నాడు పొద్దున మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాం. రమణమ్మ బట్టలు ఉతుకుతోంది. మామ చెంబు అందుకోబోయి ఆగిపోయాడు.

"అల్లుడా, ఆ అచ్చు తీసుకురా."

ఆమె ఉతుకుతున్న బండ ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం. చాకిరేవు బండను ఏ ఊళ్లోనూ అలా చెక్కరు. నేను చెక్క అచ్చు తెచ్చి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. మామ కూర్చుని, ముందరంచు మీది పాకుడు బొటనవేలితో తుడిచాడు. దానికి ఎవరూ సున్నం వేయలేదు. అక్కడ 'లా' అని ఉంది, నిన్న చెక్కినట్టు.

"ఇది నా చెయ్యి," అన్నాడు మామ.

రమణమ్మ తడి చీరతో అలాగే నిలబడింది. "నేను కాపరానికొచ్చిన కాడ్నించి ఇది ఈడనే ఉండాది పెద్దాయనా. మా అత్త కూడా దీని మీదే ఉతికేది."

పోలయ్య వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "అది మిగిలిన రాయి సామీ. మెట్లన్నీ కట్టేసినాక, ఇదొక్కటి లారీలో ఊడిపడింది. గుమాస్తా అప్పటికే ఎళ్లిపోయినాడు, దేనికి పంపినారో ఎవరికీ తెలీదు. వాపసు ఎవరు పంపుతారని మా నాయన బావికాడికి దొర్లించినాడు."

నేను పోలయ్య చెప్పింది ఇంకోసారి చెప్పించుకున్నాను. మెట్లన్నీ కట్టేశాక వచ్చింది. అంటే అప్పటికి పైదాకా మెట్టు తక్కువ కాలేదు. అంటే మామ మొదట పంపిన బండల్లో ఏదీ దారిలో పోలేదు. మరి నాకు తొంభై ఐదు ఎలా వచ్చింది?

మామ అప్పటికే పాత స్తంభం వైపు నడుస్తున్నాడు. ఈసారి గవర్నమెంటు సున్నాన్ని పోలయ్యే గీకాడు, రమణమ్మ చేపలు కోసే కత్తితో. అడుగున ఉన్న మెట్టు ముందరంచు మీద పెచ్చులు నాలుగు లేచాక అంకె కనిపించింది: 2.

అంటే దాని కింద ఇంకొకటి ఉండాలి. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడాం. మామ రెండు చేతులతో, ఎలుగ్గొడ్డులాగా. మూరెడు లోతుకు పోకముందే రాయి తగిలింది. దాని అంచు మీద 'లా'.

గుమాస్తా సంగతి నాకు అప్పుడు తట్టింది. లారీతో పోయిన మన హమాలీ మొదటి బండ దించి 'లాభం' అని అరిచుంటాడు. ఆయన నేర్చుకున్న అంకెల్లో అది లేదు. 'రెండు' అన్నప్పటి నుంచి గీతలు పెట్టుంటాడు. ఇది నా లెక్క. చూసినవాళ్లు ఎవరూ లేరు. మామకు చెబితే చాలాసేపు నవ్వాడు.

"ఒకటి అనింటే సరిపోయేదిరా. ఆ ఒక్క మాట అనకపాయె, యాభై తొమ్మిదేండ్లు మేకలు కాయిచ్చిరి."

తర్వాత ఇసుకలోంచి బయటపడ్డ ఆ రాయి మీద కుడికాలు పెట్టి నిలబడ్డాడు. "నువ్వు ఎక్కు. నేను చెబుతాండా," అన్నాడు.

"లాభం!"

నా జీవితంలో ఆయన పైకి లెక్కపెట్టగా వినడం అదే మొదటిసారి. నేను ఒక్కో మెట్టు ఎక్కుతుంటే కింది నుంచి ఆ గొంతు స్తంభమంతా తిరుగుతూ వచ్చింది. రెండు. మూడు. నలభై దగ్గర దగ్గు వచ్చి ఆగాడు, నేనూ ఆగాను. మళ్లీ మొదలుపెట్టాడు. నా అడుగుల చప్పుడు పట్టుకుని చెబుతున్నాడు, ఒక్కటీ తప్పలేదు. ఆఖరి మెట్టు మీద నేను కాలు పెట్టినప్పుడు, చిన్నగా, బావిలోంచి వచ్చినట్టు వినిపించింది: "తొంభై ఆరు."

మేము బయల్దేరేటప్పుడు పోలయ్య మొహమాటపడ్డాడు. "ఆ బండ మీదే కదా సామీ. తీసుకపోండి, ఆటోలో ఎక్కిస్తా."

రమణమ్మ బకెట్టు తీసి బండ మీద పెట్టింది.

మామ ఆ బకెట్టు వైపు చూశాడు. "ఉండనీలేప్పా. బస్సులో దానికీ టిక్కెట్టు కొడతారు."

మళ్లీ జమ్మలమడుగు

ఐదోరోజు మామ పులివెందులలో దిగిపోకుండా నాతో జమ్మలమడుగు దాకా వచ్చాడు. యాభై తొమ్మిదేళ్లలో ఆయన ఆ ఊళ్లో బస్సు దిగడం ఇదే మొదటిసారి. ఖాసిం సాబు కోడలికి కాగు మూత తిరిగిచ్చాను. మామ జరిగినదంతా చెప్పాడు, అంకెలన్నీ పైకి చెబుతూ.

ఖాసిం సాబు వేళ్ల మీద వేసుకుని చూశాడు. తొంభై ఆరు, ఇంకోటి, మొత్తం తొంభై ఏడు.

"అయితే నువ్వు ఒకటి తక్కువ కాదప్పా," అన్నాడు. "ఒకటి ఎక్కువ!"

"ఎక్కువైనా మాటలు పడాల్సిందేనా?"

"పడాల్సిందే. ఊరోళ్లకు పిల్చను ఒక పేరు గావాల గదా."

ఆ పేరే ఇప్పుడు నడుస్తోంది. మొన్న పులివెందుల పోయినప్పుడు మామ దొడ్డి గేటు దగ్గర నిలబడి మేకల్ని తోలుతూ లెక్కపెడుతున్నాడు. ముప్పై ఎనిమిది ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది.

పాత స్తంభం ఇంకా నిలబడే ఉంది. సముద్రం ఇంకో పది అడుగులు దగ్గరికి వచ్చిందని పోలయ్య ఫోనులో చెప్పాడు. వెనకనుంచి బట్టలుతికే చప్పుడు వినిపించింది. నా పుస్తకంలో ఆ పేజీ కూడి, తీసివేసి, కింద గీత కొట్టాను. జమ్మలమడుగు పంపినవి తొంభై ఏడు. స్తంభానికి పట్టినవి తొంభై ఆరు. దీపస్తంభం నుంచి మాకు ఈనాటికీ రావలసిన బాకీ: లాభం.